ఊఁ కొట్టే కంప్యూటరు కథ

గ్యాస్ బండ బుక్ చేయాలన్నా, బ్యాంకు ఖాతాలో ఎంతుందో చూసుకోవాలన్నా ఇప్పుడు ఫోనులో ‘హాయ్’ అని కొడితే చాలు. ‘నమస్కారం, మీకు ఏ విధంగా సహాయపడగలను?’ అంటూ జవాబు వచ్చేస్తోంది. అవతల మనిషి లేడని మనకు తెలుసు. అయినా మా వీధిలో ఒకావిడ పని పూర్తయ్యాక ‘థాంక్యూ బాబూ’ అని కొట్టందే ఫోను కింద పెట్టదు. నవ్వకండి! అరవై ఏళ్ల కిందట అమెరికాలో అన్నీ తెలిసినవాళ్లే ఇంతకంటే ఎక్కువ చేశారు.

ఈ చాట్‌బాట్‌లన్నిటికీ ముత్తవ్వ పేరు ఎలైజా. దాన్ని తయారుచేసినాయన జోసెఫ్ వైజెన్‌బామ్. 1923లో బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. హిట్లరు రోజుల్లో, 1936లో, కుటుంబంతో సహా అమెరికా చేరి, తర్వాత ఎం.ఐ.టి.లో ప్రొఫెసరయ్యాడు. 1966లో తన ప్రోగ్రాము గురించి ప్రచురించాడు. ఎలైజా అంటే బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ నాటకంలో పూలమ్ముకునే అమ్మాయి. ఒక ప్రొఫెసరు ఆ పిల్లకు దొరసాని మాటతీరు నేర్పుతాడు. మరకి మాటలు నేర్పుతున్నాను కదా అని ఆయన ఆ పేరు పెట్టాడన్నమాట.

అసలు సంగతేమిటంటే, ఎలైజాకి మన మాట ఒక్కటీ అర్థం కాదు. మనం కొట్టిన వాక్యంలో తనకు ముందే రాసిచ్చిన కీలకమైన మాట ఉందా అని వెతుకుతుంది, అంతే. రెండు మూడు మాటలు దొరికితే, ఎక్కువ నంబరు ఇచ్చిన మాటకే పెద్దపీట. ఆ మాట దగ్గర వాక్యాన్ని ముక్కలు చేసి, ‘నా’ అన్నచోట ‘నీ’ పెట్టి, సిద్ధంగా ఉన్న అచ్చులో పోసి మనకే వడ్డిస్తుంది. ఏ మాటా దొరకలేదనుకోండి, ‘ఊఁ, ఇంకా చెప్పండి’ అన్న ధోరణిలో ఒకటి వదులుతుంది. లేకపోతే ఇందాక మనం ‘నా’ అంటూ చెప్పిన విషయాన్ని దాచిపెట్టుకుని మళ్లీ బయటికి తీస్తుంది. అబ్బ, ఎంత గుర్తు పెట్టుకుందో అని మనం మురిసిపోతాం!

ఇది మన జంతికల గొట్టం లాంటిదే. గొట్టం ఒకటే, బిళ్ల మారిస్తే కారప్పూస వస్తుంది, చక్రాలూ వస్తాయి. వైజెన్‌బామ్ కూడా ప్రోగ్రాముని, జవాబుల పట్టికని విడివిడిగా పెట్టాడు. అందరికీ తెలిసిన బిళ్ల పేరు ‘డాక్టర్’. కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త పద్ధతిలో, రోగి అన్నమాటనే తిప్పి అడిగే డాక్టరు. అలాంటి డాక్టరుకి లోకజ్ఞానం లేకపోయినా గుట్టు బయటపడదు. తెలివంతా ఆ వేషం ఎంచుకోవడంలోనే ఉంది.

ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి ఈ కథ చెప్పగానే, తెలుగులో చేద్దాం పట్టమన్నాను. జవాబులు నోటుబుక్కులో రాయడం నా పని, కంప్యూటరులోకి ఎక్కించడం వాడి పని. ‘నాకు భయంగా ఉంది’ అంటే ‘మీకు భయంగా ఉందా?’ అనడం తేలికే. ‘నేను ఊరెళ్లాను’ దగ్గర మాత్రం, ‘నేను’ తీసి ‘మీరు’ పెట్టినంత మాత్రాన సరిపోదు, ‘మీరు ఊరెళ్లాను’ అంటుంది! మనకి క్రియ కూడా మారాలిగా. ఇక ‘అమ్మ’ అన్న అక్షరాల కోసం వెతకమంటే ‘పాత సామాను అమ్మేశాను’ అన్నా ‘మీ అమ్మగారి గురించి చెప్పండి’ అంటుంది. అందుకని అమ్మ, అమ్మకి, అమ్మతో, అమ్మని అని ఒక్కొక్కటీ విడిగా రాసుకోవాలి. ఓపిక ఉండాలి సుమండీ.

సరదా అంతా మనిషి స్వభావం దిద్దడంలోనే. ‘తలనొప్పి’ అన్న ఒక్క మాటకి బామ్మయితే ‘శొంఠి అరగదీసి పట్టు వేసుకున్నావుటే?’ అంటుంది. పక్కింటి పిన్ని ‘నీకేం, నాకు మూడు రోజుల్నించీ పోట్లే’ అంటుంది. డాక్టరు ‘ఎప్పటినుంచి?’ అని ఊరుకుంటాడు. నువ్వు అనాలా, మీరు అనాలా, ‘ఏమే’ అనాలా, ‘ఏమ్మా’ అనాలా... ఇది తేల్చుకుంటే సగం పని అయినట్టే. ఒక్కో మాటకి కనీసం నాలుగైదు జవాబులు రాసి వంతులవారీగా వాడాలి. రెండోసారి అదే జవాబు వచ్చిందంటే బామ్మ పోయి మర బయటపడుతుంది.

1972లో స్టాన్‌ఫర్డ్‌లో కెనెత్ కోల్బీ అనే మానసిక వైద్యుడు దీనికి ఎదురు వేషం కట్టించాడు. ప్యారీ అని, అందర్నీ అనుమానించే రోగి. డాక్టరునీ ఈ రోగినీ అదే ఏడాది ఒకరితో ఒకరిని మాట్లాడించారు కూడా. 1995లో రిచర్డ్ వాలెస్ తయారుచేసిన ఆలిస్‌దీ ఇదే దారి, పట్టికే చాలా పెద్దది. 2022 చివర్లో వచ్చిన చాట్‌జీపీటీ లాంటివి ఇలా పట్టిక చూసి చెప్పేవి కావు, అది వేరే విద్య.

ఎలైజా కథలో నా మనసుకు పట్టింది మాత్రం వైజెన్‌బామ్ గారి సెక్రటరీ. నెలల తరబడి ఆ ప్రోగ్రాము తయారవడం కళ్లారా చూసింది. అందులో ప్రాణం లేదని ఆవిడకు తెలుసు. అయినా దానితో నాలుగు మాటలు కలిపేసరికి, ‘మీరు కాస్త గదిలోంచి బయటికి వెళ్తారా’ అని ఆయన్నే అడిగింది! ఆయన నివ్వెరపోయాడు. కొందరు వైద్యులు దీంతో రోగులకు చికిత్స కూడా చేయొచ్చనేసరికి హడలిపోయి, 1976లో ఇది తగదంటూ పుస్తకమే రాశాడు.

ఆయన భయం సబబైనదే. కానీ ఆవిడ అమాయకత్వాన్ని అందరూ వింతగా చెప్పుకుంటారే, అది నాకు నచ్చదు. మధ్యలో అడ్డు తగలకుండా, ‘నీదే తప్పు’ అనకుండా, టీవీ వైపు చూడకుండా మన మాట చివరిదాకా వినేవాళ్లు ఇంట్లో ఎంతమంది, చెప్పండి? ఉత్త ఊఁ కొట్టడానికే అంత విలువ వచ్చిందంటే లోటు ఆవిడలో ఉందా, చుట్టూ ఉందా?

మరి నిజంగా బరువైన మాట చెబితే? మనం రోజూ ‘పనితో చచ్చిపోతున్నానమ్మా’, ‘ఎండకి చచ్చిపోతున్నాం’ అంటూనే ఉంటాం. మనిషయితే గొంతు విని తేడా పట్టేస్తుంది. పట్టికకి గొంతు ఉండదు. ‘చచ్చిపోవాలనుంది’ అని ఎవరైనా కొడితే ‘ఎందుకలా అనిపిస్తోంది? ఇంకా చెప్పండి’ అని తాపీగా అడుగుతుంది. ఆ జవాబు రాసినవాళ్లు అప్పుడు అక్కడ ఉండరు.

అందుకే మా నోటుబుక్కులో ‘చచ్చి’, ‘చావాలి’, ‘బతకాలని లేదు’ లాంటివాటికి అన్నిటికన్నా పెద్ద నంబరు ఇచ్చాం. అక్కడ బామ్మ లేదు, పిన్ని లేదు. ‘నేను మనిషిని కాను. మీ పక్కన ఎవరున్నారో వాళ్లని పిలవండి. లేదా టెలి మానస్ 14416కి ఇప్పుడే ఫోన్ చేయండి, రాత్రీపగలూ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు’ అని ఒకటే జవాబు. ‘ఎండకి చచ్చిపోతున్నాం అన్నా ఇదే వస్తుందమ్మా, నవ్వుతారు’ అన్నాడు మా అబ్బాయి. నవ్వనీరా అన్నాను. ఆ వరుస మాత్రం తీయనివ్వలేదు.