ఆబ్జెక్ట్ ఇంజెక్షన్: ఆఫీసు సాఫ్ట్‌వేర్ నమ్మకూడనిదాన్ని నమ్మితే

సంత్రాగాఛి స్టేషనుకు దగ్గర్లో, కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. ఆంధ్ర నుంచి ఐసు పెట్టెల్లో చేపలు తెచ్చే లారీల బిల్టీలు, కిరాయి బాకీలు, డ్రైవర్ల అడ్వాన్సులు అన్నీ ఒక వెబ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటాయి. “మన దగ్గర దొంగిలించడానికి ఏముంది అన్నయ్యా?” అంటాడు లెక్కలు రాసే శ్రీకాకుళం కుర్రాడు. ఇన్వాయిస్ మీద బ్యాంకు ఖాతా నంబరు ఒక్కటి మారితే చాలు తమ్ముడూ, చేపల వ్యాపారి కట్టిన కిరాయి ఎవడి ఖాతాలోకో పోతుంది.

అలా మార్చే దారుల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆబ్జెక్ట్ ఇంజెక్షన్. పాస్‌వర్డు గట్టిగా పెట్టుకున్నంత మాత్రాన ఇది ఆగదు.

ప్రోగ్రాములో ఆబ్జెక్ట్ అంటే వట్టి సమాచారం కాదు, దాంతో చేయాల్సిన పనులు కూడా కలిసే ఉంటాయి. బిల్టీ ఆబ్జెక్టులో లారీ నంబరు, బరువు, కిరాయి ఉంటాయి. మొత్తం లెక్కకట్టడం, ఫైలులో రాయడం కూడా దానికి తెలుసు. దాన్ని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పంపాలంటే అక్షరాల వరుసగా మార్చాలి. దీన్నే సీరియలైజేషన్ అంటారు. మా నాన్నకు రైల్వేలో బదిలీ అయినప్పుడల్లా మంచం విప్పి, పట్టెలు కట్టగట్టి, కొత్త క్వార్టర్లో మళ్ళీ బిగించేవాళ్ళం. ఇదీ అలాంటిదే. చిక్కల్లా ఆ వరుస మధ్యలో కుకీలోనో, ఫారంలో కనిపించని గడిలోనో బ్రౌజరుకు వెళ్ళి రావడంతోనే. అక్కడ కూర్చున్నవాడు దాన్ని మార్చి పంపగలడు.

పీహెచ్‌పీ భాషలో అన్‌సీరియలైజ్ అనే ఆజ్ఞ, ఆ వరుసలో ఏ క్లాసు (ఆబ్జెక్టుకు అచ్చు లాంటిది) పేరుంటే ఆ ఆబ్జెక్టును తయారుచేస్తుంది. ఎవరూ పిలవకుండానే నడిచే పనులు కొన్ని ఉన్నాయి: ఆబ్జెక్ట్ లేచినప్పుడు వేకప్, పోయేటప్పుడు డిస్ట్రక్ట్. దాడి చేసేవాడు కొత్త క్లాసు రాసి పంపనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న క్లాసుల్లో తనకు పనికొచ్చేదాన్ని ఎంచుకుని, విలువలు మాత్రం తాను నింపుతాడు. ఇలాంటి ముక్కలను గొలుసుగా కలపవచ్చని భద్రతా పరిశోధకుడు స్టెఫాన్ ఎస్సర్ 2009లోనే చూపించాడు.

వ్యాపారాలు ఖాతాదారుల వివరాలు పెట్టుకునే షుగర్‌సీఆర్‌ఎంలో 2012లో బయటపడిన లోపం చూడండి. కనిపెట్టింది ఇటలీ పరిశోధకుడు ఎజీడియో రొమానో. 6.3.1, అంతకు ముందు వెర్షన్లలో, జాబితాలు చూపే పేజీకి బ్రౌజరు పంపిన ఒక విలువను పరీక్షించకుండానే అన్‌సీరియలైజ్‌కు ఇచ్చేవారు. రంగులు, రూపం చూసుకునే థీమ్ క్లాసు, పోయేటప్పుడు ఒక క్యాష్ ఫైలు రాస్తుంది. ఆ రాత స్థానంలో తన కోడ్ పెడితే సర్వర్ దాడిదారు చెప్పినట్టు నడుస్తుంది. దీనికి లాగిన్ కావాలి, కానీ ఏ చిన్న ఉద్యోగిదైనా చాలు. నలుగురు ఒకే పాస్‌వర్డు వాడే ఆఫీసుల్లో అదేమంత అడ్డు?

జావాలోనూ ఇదే జబ్బు. మన చెన్నై సంస్థ జోహో తయారుచేసిన మేనేజ్‌ఇంజిన్ డెస్క్‌టాప్ సెంట్రల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి లోపాన్ని 2020 మార్చిలో పరిశోధకుడు స్టీవెన్ సీలీ వెల్లడించాడు. లాగిన్ కూడా అక్కర్లేదు. తీవ్రత 10కి 9.8. కొద్దిరోజుల్లోనే దాడులు మొదలయ్యాయి.

ఇలాంటి లోపాల్లో తప్పు గుమస్తాది కాదు, బయటి నుంచి వచ్చినదాన్ని నమ్మిన తయారీదారుది. ఆబ్జెక్టులకు బదులు జేసన్‌లో వట్టి సమాచారం మాత్రమే పంపితే ఈ ముప్పు చాలావరకు పోతుంది. పీహెచ్‌పీ 7 నుంచి ఏ క్లాసులను అనుమతించాలో కూడా చెప్పవచ్చు. కాబట్టి మీకు సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళను అడగండి: బ్రౌజరు నుంచి వచ్చేదాన్ని ఎక్కడైనా అన్‌సీరియలైజ్ చేస్తున్నారా? చివరి అప్‌డేట్ ఎప్పుడు? “నడుస్తోంది కదా” అన్న జవాబు ఒప్పుకోకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సర్వర్‌లోకి ఎవరైనా చొరబడితే, 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం, తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలి.