గతుకుల్లో బండి లైటు ఆరి వెలుగుతోందా?

2022 జూలై వరదల్లాంటివి చూసిన పోలవరం ముంపు గ్రామాల్లో, నీట నానిన బండ్లకు తడి ఆరినా కనెక్టర్లలో పచ్చటి చిలుము మిగిలిపోతుంది. రాత్రి గట్టు మీద లైటు ఆరితే ప్రాణానికే ముప్పు. అయినా వెంటనే కొత్త బ్యాటరీ కొనకండి.

ఇగ్నిషన్ ఆపి, ముందు నెగటివ్ వైరు విప్పాలి. బ్యాటరీ టెర్మినళ్లు, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు గరుకు కాగితంతో రుద్ది గట్టిగా బిగించాలి. చాలాసార్లు తప్పు ఇక్కడే దొరుకుతుంది.

తర్వాత బండిని న్యూట్రల్‌లో నడిపిస్తూ హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. ఇంజన్ ఆగినా, లైటు మిణుకుమన్నా హ్యాండిల్ మెడ దగ్గర వైరు లోపల తెగి ఉండవచ్చు. పైతొడుగు బాగానే కనిపిస్తుంది, మోసపోవద్దు.

మల్టీమీటరులో బ్యాటరీ 12.5 వోల్టులకు తగ్గకూడదు; రేజ్ చేస్తే 14 దగ్గర ఉండాలి.

ఫ్యూజ్ పదేపదే పోతోందని రాగి తీగ చుట్టవద్దు. వైరింగ్ అంటుకుంటే పైనే పెట్రోలు ట్యాంకు.