గుర్రం కుంటుతోందా? మెషిన్ కొనే ముందు ఈ లెక్క చూసుకోండి

హైదరాబాద్: పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే పాతబస్తీలో బరాత్ గుర్రాలకు ఊపిరి సలపదు. సాయంత్రం అలంకరణ, రాత్రి బ్యాండు మోత, అర్ధరాత్రి దాటాక సిమెంట్ రోడ్డు మీద నడుచుకుంటూ తబేలాకు తిరుగు ప్రయాణం. అలాంటి సీజన్ మధ్యలో ఒక పొద్దున గుర్రం ముందు కాలు నేల మీద సరిగా మోపకపోతే ఆ ఇంట్లో అందరి మొహాలు వాడిపోతాయి. ఎందుకంటే చాలా ఇళ్లలో ఉండేది ఒకటో రెండో గుర్రాలు. వాటి కాళ్ల మీదే పిల్లల ఫీజులు, ఇంటి అద్దె నడుస్తుంటాయి.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, గుర్రాలకు లేజర్, మాగ్నెట్ బూట్లు, కరెంటు దుప్పట్లు, అల్ట్రాసౌండ్ మెషిన్లు వరుసగా కనిపిస్తాయి. వారంలో పరుగెత్తిస్తామనే మాటలూ ఉంటాయి. కంగారులో ఉన్న యజమాని అప్పు చేసైనా కొనేస్తాడు. కానీ ఏది ఏ జబ్బుకు పనికొస్తుంది, ఏది డబ్బు దండగ అన్నది తెలియకుండా కొంటే మెషిన్ మూలన పడుతుంది, గుర్రం మాత్రం కుంటుతూనే ఉంటుంది.

ముందు జబ్బు తేలాలి

గుర్రం ఏ కాలు కుంటుతోందో చూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది. గట్టి నేల మీద తాడు వదులుగా పట్టుకుని మెల్లగా పరుగు నడక నడిపించాలి. ముందు కాలు నొప్పి అయితే, ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది. బాగున్న కాలు ఆనినప్పుడు తల కిందికి దిగుతుంది. ఇది చూసి డాక్టర్‌కు చెబితే సగం పని తేలికవుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కుంటు కనిపించగానే మోకాలో భుజమో అనుకుంటారు. నిజానికి ముందు కాలి కుంటులో ఎక్కువ భాగం గిట్టలోనే మొదలవుతుంది. లాడం కొట్టేటప్పుడు మేకు కాస్త లోపలికి దిగినా, రోడ్డు మీది ఇనుప ముక్క గుచ్చుకున్నా లోపల చీము పడుతుంది. నిన్న బాగున్న గుర్రం ఇవాళ అడుగు వేయలేకపోతుంది. గిట్ట ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. దీనికి కావాల్సింది లేజర్ కాదు. డాక్టర్ లేదా అనుభవం ఉన్న నాల్బంద్ పటకారు లాంటి హూఫ్ టెస్టర్‌తో నొక్కి నొప్పి చోటు పట్టుకోవాలి, చీము బయటికి తీయాలి, శుభ్రమైన కట్టు కట్టాలి. ధనుర్వాతం గుర్రాలకు చాలా తొందరగా అంటుకుంటుంది కాబట్టి టెటనస్ ఇంజెక్షన్ సంగతి కూడా డాక్టర్‌ను అడగాలి. చీము పోయాక చాలా గుర్రాలు కొద్ది రోజుల్లోనే తేరుకుంటాయి.

అదే టెండన్, అంటే వాడుకలో నరం అనే భాగం చిరిగితే కథ వేరు. ముందు కాళ్లే గుర్రం బరువులో దాదాపు 60 శాతం మోస్తాయి. ముందు కాలికి మోకాలి కింద కండరాలు లేవు. ఉన్నవి ఎముక, నరాలు, చర్మం, అంతే. అక్కడి పెద్ద నరం చిరిగితే మానడానికి 9 నుంచి 12 నెలలు పట్టొచ్చు. వాపు తగ్గి, కుంటు కనిపించకుండా పోయిన తర్వాత కూడా లోపల కొత్త కణజాలం బలహీనంగానే ఉంటుంది. ఆ దశలో బరాత్‌కు తీసుకెళితే అదే చోట మళ్లీ తెగుతుంది. అందుకే నరం ఎంతవరకు మానిందో చెప్పేది కన్ను కాదు, స్కానింగ్.

మొదటి మూడు రోజులు: ఐసే పెద్ద మందు

దెబ్బ తగిలిన మొదటి 48 నుంచి 72 గంటల్లో వాపును అదుపు చేయడమే ముఖ్యం. ఇందుకు చల్లదనాన్ని మించిన చవక సాధనం లేదు. రోజుకు కొన్నిసార్లు, ఒక్కోసారి 20 నిమిషాల చొప్పున చల్లటి నీళ్ల ధార పట్టొచ్చు, లేదా ఐస్ పెట్టొచ్చు. మన ఎండాకాలంలో ట్యాంకు నీళ్లు కాళ్లు కాల్చేంత వేడిగా వస్తాయి, వాటితో లాభం లేదు. ఐస్ ముక్కలు కలిపిన బకెట్టు నీళ్లలో కాలు ముంచితే సరిపోతుంది. ఐస్ నేరుగా చర్మానికి తగలకుండా తడి గుడ్డ మధ్యలో ఉండాలి.

ఐస్ బూట్లు కొనాలనుకుంటే మూడు విషయాలు చూడాలి. కాలి చుట్టూ చల్లదనం సమానంగా తగులుతుందా, 20 నిమిషాలు నిలుస్తుందా, కడగడానికి వీలుందా. బ్రాండు పేరు ఆ తర్వాతి సంగతి. మొదటి రోజుల్లో వేడి కాపడం, నూనె మర్దన మాత్రం వద్దు, వాపు పెరుగుతుంది.

కట్టు తప్పితే కొత్త జబ్బు

కాలికి కట్టు కట్టడం చూడటానికి తేలిక. కానీ కింద మందంగా దూది లేదా ప్యాడ్ వేయకుండా బిగిస్తే, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఒత్తిడి పడితే, బాగున్న నరం కూడా దెబ్బతింటుంది. ప్యాడ్ ముడతలు పడకూడదు, కట్టు తాడులా మెలి తిరగకూడదు, రోజూ విప్పి చూసి మళ్లీ కట్టాలి. పని చేయించేటప్పుడు వేసిన బూట్లు పని అవగానే తీసేయాలి. లోపల చిక్కుకున్న వేడి నరానికి మంచిది కాదు.

ఇంకో మాట. దెబ్బ తగిలిన కాలి మీదే అందరి చూపు ఉంటుంది. గుర్రం బరువంతా ఎదుటి కాలి మీద వేసి రోజుల తరబడి నిలబడితే ఆ కాలి గిట్ట లోపలి పొరలు దెబ్బతింటాయి. దీన్నే లామినైటిస్ అంటారు. మందంగా పరిచిన గడ్డి లేదా రంపపు పొట్టు, ఎదుటి కాలికి సరైన ఆసరా, రోజూ రెండు గిట్టల వేడి పోల్చి చూడటం, వీటికి పెద్ద ఖర్చు లేదు.

ఈ ప్రమాదం ఎంత పెద్దదో అమెరికాలో బార్బారో అనే రేసు గుర్రం చూపించింది. 2006 మే నెలలో కెంటకీ డెర్బీ గెలిచిన ఆ గుర్రానికి రెండు వారాలకే ప్రీక్‌నెస్ రేసులో కుడి వెనక కాలు విరిగింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వారి న్యూ బోల్టన్ సెంటర్‌లో ఆపరేషన్ చేసి, మత్తు దిగేటప్పుడు కాళ్లు కొట్టుకోకుండా నీళ్ల కొలనులో తెప్ప మీద ఉంచారు. అంత చేసినా జూలైలో ఎడమ వెనక కాలికి లామినైటిస్ వచ్చింది. చివరికి 2007 జనవరి 29న దాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చాల్సి వచ్చింది. ప్రపంచంలో దొరికే మంచి పరికరాలన్నీ ఉన్నచోట కూడా ఎదుటి కాలే దెబ్బతీసింది.

మెషిన్లలో ఏది ఏ పనికి

లేజర్: గాయాలు, నరాల వాపు దగ్గర దీన్ని వాడుతున్నారు. శక్తి ఎక్కువున్న లేజర్ చర్మాన్ని కాల్చగలదు, నల్ల వెంట్రుకలున్న చోట ప్రమాదం ఇంకా ఎక్కువ. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. శిక్షణ లేకుండా ఇంట్లో వాడే వస్తువు కాదు.

థెరపీ అల్ట్రాసౌండ్: ఇది స్కానింగ్ మెషిన్ కాదు, కణజాలానికి లోపల వేడి ఇచ్చేది. వెంట్రుకలు కత్తిరించి జెల్ రాస్తేనే పనిచేస్తుంది. కొత్త దెబ్బకు పనికిరాదు.

టెన్స్: చిన్న కరెంటు తరంగాలతో నొప్పి తెలియకుండా చేస్తుంది. నొప్పి తగ్గడం వేరు, జబ్బు మానడం వేరు. ఈ తేడా మరిచి గుర్రాన్ని పనికి దించితేనే ముప్పు.

షాక్‌వేవ్: కొన్ని లిగమెంట్, నరాల జబ్బుల్లో డాక్టర్లు వాడే చికిత్స. దీని తర్వాత కొన్ని రోజులు ఆ చోట నొప్పి తెలియదు. అందుకే అంతర్జాతీయ అశ్వ క్రీడల సమాఖ్య పోటీకి ముందు 5 రోజులు దీన్ని నిషేధించింది. ఇది డాక్టర్ చేతిలోనే ఉండాలి.

మాగ్నెట్ బూట్లు: మామూలు అయస్కాంతాలు కుట్టిన బూట్లు జబ్బు నయం చేస్తాయనడానికి గట్టి రుజువు లేదు. కరెంటుతో పనిచేసే మాగ్నెట్ దుప్పట్ల మీదా పరిశోధన తక్కువే. గుర్రం హాయిగా నిలబడొచ్చు, కానీ అప్పు చేసి కొనేంత వస్తువు కాదు.

నీళ్ల ట్రెడ్‌మిల్: నీళ్లు గుర్రం బరువును తేలుస్తాయి. కాళ్ల మీద భారం తగ్గించి నడిపించొచ్చు. మంచిదే, కానీ ఒక మనిషి కొనేది కాదు. మానని పుండ్లున్న గుర్రాన్ని అందులో దించకూడదు.

ఖర్చు లేని పరికరాలు

కోలుకునే దశలో గుర్రానికి అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేది కొలత ప్రకారం నడక. డాక్టర్ ఒప్పుకున్నాక రోజుకు 5, 10 నిమిషాలతో మొదలుపెట్టి వారాల మీద మెల్లగా పెంచాలి. దీనికి తాడు, గడియారం, ఓపిక చాలు. నడక కుదిరాక నేల మీద నాలుగు కర్రలు పరిచి దాటిస్తే గుర్రం కాళ్లు ఎత్తి వేయడం, వీపు కండరాలు వాడటం నేర్చుకుంటుంది.

వీపు కోసం క్యారెట్ వ్యాయామం కూడా ఉంది. గుర్రాన్ని కదలకుండా నిలబెట్టి, క్యారెట్ చూపిస్తూ మెడను ఛాతీ వైపు, పక్కటెముకల వైపు, ముందు కాళ్ల మధ్యకు తిప్పించాలి. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మూడు నెలలు ఇలా చేయించి చూస్తే వెన్నెముకను పట్టి ఉంచే లోతు కండరాలు పెరిగాయి. రెండు క్యారెట్ల ఖర్చుతో అయ్యే పని.

అసలు లెక్క ఇక్కడుంది

ఒక మెషిన్ ధర 1,20,000 రూపాయలు అనుకుందాం. ఒక బరాత్‌కు ఖర్చులు పోను 3,000 మిగులుతుందనుకుంటే, ఆ మెషిన్ అంటే 40 బరాత్‌లు. కానీ నరం చిరిగిన గుర్రం 9 నెలలు ఒక్క బరాత్ కూడా చేయదు. ఆ 9 నెలలు మేత, మందులు, లాడం కలిపి రోజుకు 400 పట్టుకుంటే 270 రోజులకు 1,08,000. అంటే మెషిన్‌కు పెట్టాలనుకున్న సొమ్ము దాదాపు గుర్రం కడుపుకే కావాలి. అంకెలు ఇంటింటికీ మారొచ్చు, లెక్క తీరు మాత్రం మారదు. చేతిలో డబ్బంతా మెషిన్‌కు పోస్తే మూడో నెలకే మేతకు కటకట వస్తుంది. అప్పుడు గుర్రం కుంటుతూనే ఊరేగింపుకు వెళుతుంది.

అందుకే డబ్బు పెట్టే వరుస ఇలా ఉండాలి. మొదట డాక్టర్ పరీక్ష, స్కానింగ్. రెండోది మంచి నాల్బంద్. మూడోది పడక, మేత, విశ్రాంతి రోజుల ఖర్చు. ఐస్ బూట్లు, ప్యాడ్లు, కట్లు నాలుగోది. మెషిన్ చివరిది, అదీ డాక్టర్ రాసిస్తేనే. అప్పుడు కూడా కొనడం కన్నా, మెషిన్ ఉన్న డాక్టర్ దగ్గర ఎన్నిసార్లు అవసరమో అన్నిసార్లు చేయించుకోవడమే చవక.

కొనక తప్పదనుకుంటే అమ్మేవాళ్లను అడగాల్సినవి: ఇది ఏ జబ్బుకు, ఏ దశలో వాడాలి? ఎప్పుడు వాడకూడదు? వాడటం ఎవరు నేర్పుతారు? చెడిపోతే రిపేరు ఇక్కడే అవుతుందా? వారంటీ కాగితం, బిల్లు ఇస్తారా? అన్ని జబ్బులకూ ఇదే అని జవాబొస్తే అక్కడినుంచి లేచి రావడమే మంచిది.

విశ్రాంతిలో ఉన్న గుర్రానికి దాణా తగ్గించి గడ్డి ఎక్కువ పెట్టాలి. పని లేకుండా అదే దాణా పోస్తే కడుపు నొప్పి, లామినైటిస్ వచ్చే ప్రమాదం ఉంది. నొప్పి మాత్రలు సొంతంగా వేయడం కూడా తప్పే.

నలుగురూ కలిసి కొంటే

ఒకే గల్లీలో నాలుగైదు తబేలాలుంటే ఐస్ బూట్లు, హూఫ్ టెస్టర్ లాంటివి కలిసి కొనుక్కోవచ్చు. కాకపోతే ఒక గుర్రానికి వాడినది కడిగి, ఆరబెట్టాకే ఇంకోదానికి వాడాలి. తామర ఇలాగే పాకుతుంది. గ్లాండర్స్ అనే జబ్బైతే మనుషులకు కూడా వస్తుంది, చట్టం ప్రకారం అధికారులకు తెలపాల్సిన జబ్బు. ముక్కు నుంచి చిక్కటి స్రావం, చర్మం మీద మానని పుండ్లు ఉన్న గుర్రాన్ని వెంటనే వేరుగా కట్టి పశువైద్యుడికి చెప్పాలి.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశు వైద్య వాహనం గురించి సాయం దొరుకుతుంది. రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో పశువైద్య కళాశాలలున్నాయి. గాయపడిన, పనికి తగని జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సీజన్ మళ్లీ వస్తుంది, బరాత్‌లూ వస్తాయి. చిరిగిన నరానికి దాని టైము ఇవ్వకపోతే మాత్రం ఆ గుర్రం మళ్లీ రాదు. నోరు లేని జీవి నొప్పిని నడకలోనే చెబుతుంది. యజమాని ముందుగా నేర్చుకోవాల్సింది ఆ నడకను చదవడమే.