మూడంటే తొమ్మిది!

అడిస్ అబాబాలో కొత్తగా దిగిన వ్యాపారితో ఎవరైనా 'రేపు మూడు గంటలకు రండి, మాట్లాడుకుందాం' అన్నారనుకోండి. మధ్యాహ్నం భోంచేసి, సూటు సర్దుకుని, తీరిగ్గా వెళ్తే అక్కడ కలవాల్సిన మనిషి ఉండడు. పొద్దున్నే వచ్చి, ఎదురుచూసి, వెళ్లిపోయి ఉంటాడు. ఎందుకంటే ఇథియోపియాలో మూడు గంటలంటే మన ఉదయం తొమ్మిది! అక్కడ రోజు అర్ధరాత్రి మొదలవదు, తెల్లవారాక మొదలవుతుంది. మన ఏడు వాళ్లకు ఒకటి. సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టుకున్న మన పాతకాలం పెద్దలకైతే ఇందులో వింతేమీ కనిపించేది కాదు.

గడియారమే కాదు, క్యాలెండరూ వేరే. ఏడాదికి పదమూడు నెలలు. పన్నెండు నెలలకు ముప్ఫై రోజుల చొప్పున పంచేయగా మిగిలిన అయిదారు రోజులు పదమూడో నెల. సంవత్సరాల లెక్కలో ప్రపంచానికి ఏడెనిమిదేళ్లు వెనక ఉంటారు. 2025 సెప్టెంబరులో వాళ్లకు 2018 మొదలైంది. ఒప్పంద పత్రం మీద తేదీ చూసి కంగారుపడిన విదేశీయులు తక్కువేం కాదు.

ఇలాంటి దేశానికి ప్రపంచం నలుమూలల నుంచి కంపెనీలు ఎందుకు వరస కడుతున్నాయి? జవాబు జనాభాలోనే ఉంది. పన్నెండు కోట్లు దాటిన జనంతో ఆఫ్రికాలో నైజీరియా తర్వాతి స్థానం ఇథియోపియాదే. వాళ్లలో ఎక్కువమంది కుర్రకారు. 2004 నుంచి దాదాపు పదిహేనేళ్లపాటు ఏటా పది శాతానికి అటూ ఇటూగా వృద్ధి. 1980ల్లో కరవుకు మారుపేరుగా టీవీల్లో కనిపించిన దేశమేనా ఇది అని అందరూ ఆశ్చర్యపోయారు. అయితే వెళ్లినవాళ్లందరికీ లాభాలు రాలేదు. చేతులు కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ రెండు రకాల అనుభవాలూ కలిపి చూస్తేనే అక్కడి అవకాశాల అసలు స్వరూపం అర్థమవుతుంది.

గులాబీలకు నచ్చిన ఊరు

అడిస్ అబాబా ఊటీ కంటే ఎత్తులో ఉంటుంది. సముద్ర మట్టానికి దాదాపు 2,400 మీటర్లు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి పగలు ఎండ బాగా కాస్తుంది, ఎత్తు వల్ల రాత్రిళ్లు చల్లగా ఉంటుంది. గులాబీకి ఇంతకంటే ఏం కావాలి? మొగ్గ పెద్దదిగా వస్తుంది, కాడ పొడుగ్గా ఎదుగుతుంది. చుట్టుపక్కల హోలెటా, బిషోఫ్టు, దక్షిణాన జివాయ్ సరస్సు ఒడ్డు... ఎక్కడ చూసినా ప్లాస్టిక్ కప్పు వేసిన గ్రీన్‌హౌస్‌లే.

2000 తర్వాత అక్కడి ప్రభుత్వం పూల తోటలకు అప్పులిచ్చింది, కొన్నేళ్లపాటు పన్ను మినహాయించింది. డచ్చి కంపెనీలు, భారతీయ కంపెనీలు దిగాయి. మధ్యాహ్నం కోసిన పువ్వు శీతల వాహనంలో విమానాశ్రయానికి చేరి, రాత్రి సరకు విమానమెక్కి, మర్నాటికల్లా ఐరోపాలో ఉంటుంది. ఇదంతా జరగడానికి కారణం ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్. ప్రభుత్వ సంస్థే అయినా ఆఫ్రికాలోకెల్లా పెద్ద విమాన సంస్థగా ఎదిగింది. రేవు లేని దేశానికి విమానమే ఓడ అయింది. కెన్యా తర్వాత ఆఫ్రికాలో పూల ఎగుమతికి పేరున్న దేశం ఇప్పుడిదే. జివాయ్ దగ్గరి ఒక్క డచ్చి తోటల సముదాయమే పది వేల మందికి పైగా పని ఇచ్చింది. ఆ సరస్సు నీళ్లు తగ్గుతున్నాయన్న ఆందోళన కూడా అక్కడివారిలో ఉంది.

రెండున్నర లక్షల ఎకరాల కల

పూల తోటల్లో పేరు తెచ్చుకున్న కంపెనీల్లో బెంగళూరుకు చెందిన కరుటూరి గ్లోబల్ ఒకటి. ఒక దశలో ప్రపంచంలోనే అత్యధికంగా గులాబీలు పండించే కంపెనీ అనిపించుకుంది. పూల తర్వాత దాని చూపు ధాన్యం మీద పడింది. పశ్చిమాన, దక్షిణ సూడాన్ సరిహద్దు వైపు ఉన్న గాంబెల్లా ప్రాంతంలో లక్ష హెక్టార్లు, అంటే దాదాపు రెండున్నర లక్షల ఎకరాలు, ప్రభుత్వం నుంచి లీజుకు తీసుకుంది. 2008 నాటి ఆహార ధరల మంటలో ఇలాంటి ఒప్పందాలు ఆఫ్రికా అంతటా జరిగాయి. అక్కడ కౌలు కారుచౌక. మొక్కజొన్న, వరి, చెరకు, పామాయిల్... పథకాలకు లోటు లేదు.

లోటల్లా అనుభవానికే. 2011లో బారో నది పొంగి పంటను ముంచేసింది. ఆ మైదానం వానాకాలంలో మునుగుతుందని అక్కడ తరతరాలుగా బతుకుతున్న అనువాక్ రైతులకు తెలుసు. తమ అడవి, తమ మేత భూములు తమను అడగకుండానే ఇచ్చేశారన్న కోపం వాళ్లది. ఇథియోపియాలో భూమి మొత్తం ప్రభుత్వానిదే. కొనడం, అమ్మడం ఉండదు, లీజు మాత్రమే. కాబట్టి కాగితం మీద సంతకం పెట్టేది ప్రభుత్వం, పొలం గట్టున ఎదురయ్యేది జనం. చివరికి 2015లో ప్రభుత్వమే ఒప్పందాన్ని రద్దు చేసింది. ఇచ్చిన భూమిలో వెయ్యి హెక్టార్ల పైచిలుకు తప్ప సాగులోకి తేలేదన్నది దాని వాదన. కంపెనీ ఆ వాదనను ఒప్పుకోలేదు. ఏదైతేనేం, ఆ పెద్ద కల అక్కడితో ఆగింది. చవగ్గా వస్తోందంటే ఎందుకు చవగ్గా వస్తోందని ఆరా తీయాలని మన పల్లెటూళ్లో పొలం కొనేవాడికైనా తెలుసు!

26 డాలర్ల జీతం

అడిస్ అబాబాకు దక్షిణంగా, సరస్సు పక్కనే హవాసా నగరం. 2016లో అక్కడ భారీ పారిశ్రామిక పార్కు మొదలైంది. చైనా కంపెనీ తొమ్మిది నెలల్లో కట్టేసింది. ఒకే పోలికతో పొడవాటి షెడ్లు, వాటి నిండా కుట్టు మిషన్లు. కాల్విన్ క్లెయిన్, టామీ హిల్‌ఫిగర్ బ్రాండ్ల యజమాని పీవీహెచ్ ముందుండి మిగతా కంపెనీలను వెంటపెట్టుకు వచ్చింది. భారత్ నుంచి అరవింద్, రేమండ్ వెళ్లాయి. వాడిన నీటిని చుక్క బయటికి వదలకుండా శుద్ధిచేసి మళ్లీ వాడుకునే ప్లాంటును ఏర్పాటుచేసింది కూడా అరవింద్ అనుబంధ సంస్థే. రంగునీళ్లు సరస్సులో కలవకుండా ముందే చూసుకోవడం మెచ్చుకోవాల్సిన విషయం. అరవై వేల మందికి ఉద్యోగాలని అప్పట్లో ప్రభుత్వం చెప్పింది.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది సిడామా పల్లెల అమ్మాయిలు. జీవితంలో మొదటిసారి జీతం. అది ఎంత? న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టెర్న్ బిజినెస్ స్కూల్ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం నెలకు 26 డాలర్లు. అప్పటి లెక్కన మన రూపాయల్లో పద్దెనిమిది వందల చిల్లర. అదే నివేదికలో బంగ్లాదేశ్ కార్మికుడి జీతం 95 డాలర్లు, కెన్యాలో 207, చైనాలో 326. ప్రపంచంలో ఇంత తక్కువకు చొక్కాలు కుట్టేవాళ్లు ఇంకెక్కడా లేరని ప్రభుత్వమే గొప్పగా చెప్పి కంపెనీలను పిలిచింది.

ఆ లెక్కే తిరగబడింది. గది అద్దె, తిండి పోగా ఇంటికి పంపడానికి మిగిలేదేమీ ఉండదు. ఒక్క గదిలో నలుగురైదుగురు సర్దుకోవాలి. విదేశీ సూపర్‌వైజర్ భాష అర్థం కాదు, మిషన్ దగ్గరి నుంచి లేవనివ్వరు. అమ్మాయిలు మానేసి ఇంటికి వెళ్లిపోసాగారు. ఏడాది తిరిగేసరికి సగటున ఫ్యాక్టరీ మొత్తం కొత్త ముఖాలే అన్నంతగా! పని నేర్పడం, నేర్చుకున్నవాళ్లు వెళ్లిపోవడం, మళ్లీ నేర్పడం. జీతంలో మిగిలిందనుకున్న సొమ్ము శిక్షణలో పోయింది. దాంతో ఉత్పత్తి అనుకున్న స్థాయికి చేరలేదు.

అంతలో 2020 నవంబరులో ఉత్తరాన టిగ్రాయ్‌లో యుద్ధం. ఆ మరుసటి ఏడాదే పీవీహెచ్ తన ఫ్యాక్టరీ మూసేసింది. 2022 జనవరి 1 నుంచి ఇథియోపియా సరకుకు సుంకం లేని ప్రవేశాన్ని అమెరికా నిలిపేసింది. హవాసాలో కుట్టే అమ్మాయికీ ఆ యుద్ధానికీ సంబంధం లేదు. ఉద్యోగం మాత్రం పోయింది. ఆ యుద్ధం 2022 నవంబరులో ప్రిటోరియా ఒప్పందంతో ముగిసినా, 2023లో అమ్హారా ప్రాంతంలో మరో పోరు మొదలైంది. అక్కడికి వెళ్లే కంపెనీ ఏదైనా రాష్ట్రాల పటాన్ని పక్కన పెట్టుకునే లెక్కలు వేసుకోవాలి.

డాలరు కోసం క్యూ

ఇథియోపియాలో సంపాదించడం కంటే సంపాదించింది బయటికి తీసుకురావడమే కష్టమని అక్కడ వ్యాపారం చేసినవాళ్లంతా చెప్పే మాట. సంపాదన స్థానిక కరెన్సీ బిర్‌లో ఉంటుంది. ముడిసరకు, యంత్రాల విడిభాగాలు డాలర్లలో కొనాలి. బ్యాంకులో ఎల్‌సీ కోసం దరఖాస్తు పెట్టి నెలల తరబడి కూర్చున్న కంపెనీలున్నాయి. అధికారిక ధర ఒకటి, నల్లబజారు ధర దానికి దాదాపు రెట్టింపు ఉండేది. 2023 డిసెంబరులో ప్రభుత్వమే విదేశీ బాండ్లపై కట్టాల్సిన 3.3 కోట్ల డాలర్ల వడ్డీని చెల్లించలేక చేతులెత్తేసింది.

2024 జులై చివర్లో ప్రధాని అబీ అహ్మద్ ప్రభుత్వం బిర్ ధరను మార్కెట్‌కే వదిలేసింది. అంతకుముందు డాలరుకు 57 బిర్‌లు ఉండేది. నెల తిరగకుండానే వంద దాటింది. ఆ వెంటనే అంతర్జాతీయ ద్రవ్యనిధి 340 కోట్ల డాలర్ల సాయం మంజూరు చేసింది. ఎగుమతిదారుకు మేలు జరిగింది, డాలర్ల కోసం తిరగడమూ తగ్గింది. కానీ బజారులో నూనె ధర చూసి గుండె గుభేల్‌మన్న గృహిణికి ఆ సంస్కరణ ఏం రుచిస్తుంది? విదేశీ కంపెనీల్లోనూ దెబ్బ తగిలినవాళ్లున్నారు. కెన్యా సంస్థ సఫారీకామ్ నాయకత్వంలోని బృందం 2021లో 85 కోట్ల డాలర్లు పోసి టెలికాం లైసెన్సు తీసుకుంది. ప్రభుత్వ గుత్తాధిపత్యం పోయి అక్కడ రెండో ఫోన్ కంపెనీ రావడం అదే మొదటిసారి. లైసెన్సు సొమ్ము కట్టింది డాలర్లలో, రీఛార్జి వసూలయ్యేది బిర్‌లలో. విలువ సగానికి పడిపోతే లెక్క ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అయినా ఆ కంపెనీ కదల్లేదు. చేతిలో ఫోను ఉన్న అన్ని కోట్ల మందిని వదులుకుని ఎక్కడికి పోతుంది?

తెరుచుకున్న తలుపులు

చాలాకాలం స్వదేశీయులకే పరిమితమైన ఎగుమతి, దిగుమతి, టోకు, చిల్లర వ్యాపారాల్లోకి 2024 నుంచి విదేశీయులను షరతులతో రానిస్తున్నారు. అదే ఏడాది డిసెంబరులో విదేశీ బ్యాంకులకు వీలు కల్పిస్తూ చట్టం చేశారు. 2025 జనవరిలో స్టాక్ ఎక్స్ఛేంజ్ మొదలైంది. విదేశీయుడు ఒంటరిగా వస్తే కనీసం 2 లక్షల డాలర్లు, స్థానిక భాగస్వామితో అయితే లక్షన్నర పెట్టుబడి తేవాలన్నది 2020 నాటి చట్టం.

అన్నిటికంటే ఆశ్చర్యం కార్ల సంగతి. పెట్రోలు, డీజిల్ కార్ల దిగుమతిని 2024లో నిషేధించేశారు. ప్రపంచంలో ఇలా చేసిన మొదటి దేశం ఇదే. పర్యావరణం మీద ప్రేమ కంటే పెట్రోలుకు డాలర్లు లేకపోవడమే దీనికి పెద్ద కారణం. కరెంటు మాత్రం దండిగా ఉంది. నీలి నైలు మీద సొంత ప్రజల విరాళాలు, బాండ్లతో కట్టుకున్న మహా ఆనకట్ట 2025 సెప్టెంబరులో ప్రారంభమైంది. సామర్థ్యం 5,150 మెగావాట్లు. విద్యుత్ బస్సులు, ఛార్జింగ్ కేంద్రాలు, రిపేరు షెడ్లు... ఈ సందు చూసి చైనా కంపెనీలు ఇప్పటికే చొరబడ్డాయి.

భారత్ వాటా తక్కువేమీ కాదు. ఆరు వందలకు పైగా భారతీయ కంపెనీలు అక్కడ నమోదయ్యాయి. అహ్మదాబాద్ కంపెనీ క్యాడిలా 2007 నాటికే అడిస్ అబాబా శివార్లలో మందుల ఫ్యాక్టరీ పెట్టింది. వాడే మందుల్లో ఎక్కువభాగం దిగుమతి చేసుకునే దేశంలో తయారీకి గిరాకీ ఎంతో హైదరాబాద్ ఫార్మా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తెలుగువాళ్ల పరిచయం వ్యాపారం కంటే ముందు బడి ద్వారా మొదలైంది. అక్కడ కొత్త విశ్వవిద్యాలయాలు వరసగా పెట్టినప్పుడు పాఠాలు చెప్పడానికి వెళ్లిన భారతీయ అధ్యాపకుల్లో మనవాళ్లూ ఉన్నారు. అక్కడి నుంచి విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి చదువుకున్న విద్యార్థులూ ఎందరో. ఇవాళ ఓ కంపెనీ ప్రతినిధి వెళ్లి కూర్చున్న బల్లకు అవతల, ఆర్కే బీచ్‌లో బజ్జీలు తిన్న అధికారి ఉండొచ్చు!

బల్ల దగ్గర కూర్చోబెట్టారంటే కాఫీ తప్పదు. కాఫీ పుట్టిల్లు అది. గింజలు అప్పటికప్పుడు వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి మూడు విడతలు పోస్తారు. మొదటి కప్పు తాగి లేచిపోతే మర్యాద కాదు. సరకు అమ్మాలనుకునేవాడు వంటింటి సంగతులూ తెలుసుకోవాలి. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఏడాదిలో 180కి పైగా రోజులు ఉపవాసాలుంటారు. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. డెయిరీ పెట్టాలనుకునేవాడికి ఇది గుండెల్లో రాయి. పప్పులు, వంటనూనె అమ్మేవాడికి పండగ.

2025 జూన్ నుంచి ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ హైదరాబాద్‌కు నేరుగా విమానం నడపడం మొదలుపెట్టింది. టికెట్ మీద వేళలన్నీ ప్రపంచం లెక్కలోనే ఉంటాయి, భయం లేదు. దిగాక గడియారాన్ని రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి. ఆ తర్వాత టాక్సీ అతను 'రేపు రెండింటికి వస్తా' అంటే మాత్రం పొద్దున్న ఎనిమిదికల్లా గుమ్మంలో సిద్ధంగా ఉండాలి.