లీవ్ లెటర్‌లో అక్కర్లేని ‘ఫర్’

బడిపిల్లల లీవ్ లెటర్ నుంచి ఆఫీసులో పైఅధికారికి పెట్టే మెయిల్ వరకు, మన ఇంగ్లిష్‌లో ‘రిక్వెస్ట్’ తగలని ఉత్తరం అరుదు. అందులో తరచూ కనిపించే వాక్యం: ‘ఐ రిక్వెస్ట్ ఫర్ టూ డేస్ లీవ్.’ ఇక్కడ ‘ఫర్’ ఉండకూడదు.

రిక్వెస్ట్ నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది. నామవాచకమైతే ముందు సాధారణంగా ‘ఎ’, ‘మై’, ‘యువర్’ లాంటి మాట ఉంటుంది. ఏం కావాలో చెప్పడానికి వెనక ‘ఫర్’ వస్తుంది. ‘మై రిక్వెస్ట్ ఫర్ లీవ్’ నిక్షేపంగా సరైనదే. అదే క్రియ అయితే, అడిగే వస్తువు నేరుగా దాని పక్కనే రావాలి: ‘ఐ రిక్వెస్ట్ టూ డేస్ లీవ్.’

చదువు తక్కువై చేసే తప్పు కాదిది. బాగా చదువుకున్నవాళ్లూ రాస్తారు. కారణం మన భాష తీరులోనే ఉందని నాకు అనిపిస్తుంది. ఇంగ్లిష్ క్రియను తెచ్చుకున్నా మనం దాన్ని క్రియగా వాడం, ‘చేయు’ తగిలిస్తాం. రిక్వెస్ట్ చేశాను, ఆర్డర్ చేశాను, డిస్కస్ చేశాం. పనిని చెప్పేది ‘చేశాను’, రిక్వెస్ట్ మాత్రం ఆ పని పేరుగా మిగిలిపోతుంది. ఇలా నామవాచకంగా నోట నానిన మాటకు ఇంగ్లిష్ రాసేటప్పుడు ‘ఫర్’ దానంతటదే అంటుకుంటుంది. ‘సెలవు కోసం’ అనే ఆలోచన, ‘ఆస్క్ ఫర్’ అనే అలవాటు దానికి తోడవుతాయి. ‘డిస్కస్ అబౌట్’ కూడా ఈ దారిలో వచ్చిందే. ‘డిస్కషన్ అబౌట్ ఫీజ్’ సరైనది, క్రియగా రాస్తే ‘వి డిస్కస్డ్ ది ఫీజ్’ చాలు. డిమాండ్ సంగతీ అంతే: ‘డిమాండ్ ఫర్ రైస్’ అనవచ్చు, కానీ కార్మికులు ‘డిమాండెడ్ హయ్యర్ వేజెస్’.

ఉచ్చారణలో మాత్రం ఇబ్బంది లేదు. రికార్డ్, పర్మిట్ లాంటి మాటలు నామవాచకమైతే మొదటి భాగాన్నీ, క్రియ అయితే రెండో భాగాన్నీ ఒత్తి పలుకుతారు. రిక్వెస్ట్‌లో ఎప్పుడూ ‘క్వెస్ట్’ మీదే ఒత్తు.

ఎవరిని అడుగుతున్నామో కూడా చెప్పాలంటే ‘టు’ కావాలి: ‘ఐ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మీ లీవ్.’ ‘గివ్ మీ లీవ్’ ఒప్పు కదా అని ‘రిక్వెస్ట్ యూ లీవ్’ అని రాయకూడదు. ‘విజిటర్స్ ఆర్ రిక్వెస్టెడ్ టు వెయిట్’ అనే ఆసుపత్రి బోర్డుదీ ఈ అమరికే. ‘దట్’ పెట్టి రాసేవాళ్లు ఇంకొక్కటి చూసుకోవాలి. ‘ఐ రిక్వెస్ట్ దట్ మై సన్ బి గ్రాంటెడ్ లీవ్’ అన్నప్పుడు అక్కడ ‘ఈజ్’ కాదు, ‘బి’ రావాలి.