ఒంటరి బండ్ల ఊరు

అమెరికాలో అరిజోనా రాష్ట్రపు పడమటి అంచున, ఎడారిలో క్వార్ట్‌సైట్ అని ఓ చిన్న ఊరుంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 2,400 మంది చిల్లర. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, వీధుల్లో మనిషి అలికిడి ఉండదు. అదే ఊరికి జనవరిలో వెళ్తే చుట్టూ కనుచూపు మేర బళ్లే బళ్లు. బస్సంత పొడుగువి, సరుకుల వ్యాను లోపలే మంచం, పొయ్యి అమర్చుకున్నవి, స్కూలు బస్సుకు రంగు మార్చినవి. పక్కనే మడత కుర్చీల్లో తల నెరిసినవాళ్లు. ఉత్తరాది మంచు పడలేక దిగివచ్చిన రిటైరైన జనమే వీళ్లలో ఎక్కువ. అందులోనూ భర్తో భార్యో పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, అసలు పెళ్లే వద్దనుకున్నవాళ్లు తమ బండి తామే నడుపుకుంటూ వస్తారు. పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లిన మన పెద్దవాళ్లు హైవేల మీద ఈ ‘ఆర్వీ’లను చూసే ఉంటారు, స్టీరింగు దగ్గర డెబ్భై ఏళ్ల ఆవిడ ఒక్కతే ఉండటం గమనించారో లేదో!

ఇంతమంది ఇక్కడికే రావడానికి చలి తక్కువన్నది సగం కారణం. మిగతా సగం డబ్బు. ఊరి పక్కనున్న లా పోసా మైదానం కేంద్ర ప్రభుత్వ భూమి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే శాఖ దాన్ని చలికాలపు దీర్ఘ మకాములకు వదిలింది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా, అంటే ఏడు నెలలకు, పర్మిట్ రుసుము ఏళ్ల తరబడి 180 డాలర్లు. ఆ సొమ్ముకి అక్కడి నగరాల్లో ఓ గది నెల అద్దె కూడా రాదు. కరెంటు ఇవ్వరు. మంచినీళ్లు పట్టుకోవడానికి, మురుగు ఖాళీ చేయడానికి, చెత్త పారేయడానికి చోటు చూపిస్తారు, అంతే. ఇలాంటి ప్రత్యేక స్థలాలు కాని మామూలు ప్రభుత్వ భూముల్లోనైతే చాలాచోట్ల ఊరికే ఉండనిస్తారు గానీ, పద్నాలుగు రోజులు కాగానే బండి కదిలించాలి.

ఈ ఊరి శ్మశానంలో పిరమిడ్ ఆకారపు సమాధి ఒకటుంది. పైన రాగి ఒంటె. అమెరికా సైన్యం 1850లలో ఎడారి రవాణాకు ఒంటెల్ని వాడి చూసినప్పుడు, వాటిని తోలడానికి సముద్రాలు దాటివచ్చిన హాజీ అలీది అది. స్థానికుల నోట్లో ఆయన ‘హై జాలీ’ అయిపోయాడు. దేశదిమ్మరుల ఊరికి ఇంతకన్నా తగిన పెద్దమనిషి దొరకడు.

ఒంటరిగా తిరగడంలో కష్టం అడవిలోనో ఎడారిలోనో ఉండదు, క్యాంపుల్లో ఉంటుంది. అక్కడ ఎక్కువమంది జంటలే. సాయంత్రం పేకాటకు నలుగురు కావాలన్నా రెండు జంటల్ని పిలుస్తారు తప్ప ఒంటికాయ శొంఠికొమ్మును పిలవరు. ఎడిత్ లేన్ అనే మహిళ 1969లో ‘లోనర్స్ ఆన్ వీల్స్’ అనే సంఘం పెట్టింది అందుకే. ఒంటరివాళ్లకే సభ్యత్వం. సభ్యులిద్దరు పెళ్లి చేసుకున్నా, ఒకే బండిలో కాపురం మొదలుపెట్టినా సంఘం నుంచి తప్పుకోవాల్సిందే. వినగానే నవ్వొస్తుంది. ఆలోచిస్తే అందులో లోకజ్ఞానం ఉంది. ఇది పెళ్లిసంబంధాల వేదిక కాదని ముందే తేలిపోతే, మగా ఆడా పక్కపక్కన కూర్చుని కాఫీ తాగినా ఎవరూ వేరే అర్థాలు తీయరు.

తర్వాతి కాలంలో ఇదే అవసరాన్ని మరోవైపు నుంచి పట్టుకున్నవాడు బాబ్ వెల్స్. అలాస్కాలో కిరాణా దుకాణంలో పనిచేసే ఆయన 1995లో విడాకులయ్యాక, జీతంలో సగం భరణానికే పోతుంటే అద్దె కట్టలేక ఓ పాత వ్యాను కొని అందులోకి మారాడు. 2010లో క్వార్ట్‌సైట్ దగ్గర ‘రబ్బర్ ట్రాంప్ రెండెవూ’ పేరుతో తనలాంటివాళ్లను పోగుచేశాడు. మొదటిసారి వచ్చింది కొన్ని పదుల మందే. తర్వాత్తర్వాత అది వేలల్లోకి వెళ్లింది. అక్కడ చెప్పే పాఠాలన్నీ పనికొచ్చేవే: ఎన్ని సోలార్ పలకలకు ఎంత బ్యాటరీ, బకెట్‌తో మరుగుదొడ్డి ఎలా ఏర్పాటు చేసుకోవాలి, రాత్రిపూట ఊళ్లో ఎవరి కంటా పడకుండా బండి ఎక్కడ ఆపాలి. మహిళలకు విడిగా కూడా సమావేశాలు నడిచాయి. ఒంటరి స్త్రీలు ఎక్కువగా అడిగేది భద్రత గురించి. దానికి అనుభవజ్ఞుల మొదటి సలహా ఒకటే: చోటు చూస్తే మనసు కీడు శంకించిందా, వాదించుకోకుండా బండి తీసెయ్యండి.

‘నోమాడ్‌ల్యాండ్’ సినిమా చూసినవాళ్లకు ఈ జనం పరిచయమే. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన పుస్తకం దానికి ఆధారం. 2021 ఆస్కార్లలో అది ఉత్తమ చిత్రంగా నిలిచింది. నిజంగానే ఇలా బళ్లలో బతికిన లిండా మే, స్వాంకీ, బాబ్ వెల్స్ అందులో తమ పాత్రలు తామే వేశారు. ఆ పుస్తకం చూపించే రెండో ముఖం అంత అందమైనది కాదు. 2008 మాంద్యంలో ఇళ్లూ పొదుపులూ పోగొట్టుకున్న అరవై దాటినవాళ్లు, పింఛను చాలక, పండగ సీజన్లో అమెజాన్ గోదాముల్లో సరుకులు మోసేవారు, ఉత్తర డకోటాలో చక్కెర బీట్ కోతలకు వెళ్లేవారు, వేసవిలో అడవుల్లోని క్యాంపుల మరుగుదొడ్లు కడిగేవారు. లక్ష డాలర్లు దాటిన కొత్త వ్యానులో సరదాకి తిరిగే మనిషీ, ఇల్లు లేక పాత వ్యానెక్కిన మనిషీ రాత్రి ఒకే నెగడు ముందు చలి కాచుకోవచ్చు. అంతమాత్రాన ఇద్దరిదీ ఒకే ప్రయాణం అనేస్తే అది అబద్ధం. మొదటి మనిషి విసుగొస్తే ఇంటికి వెళ్లిపోగలడు.

ఇక కాగితాల గొడవ. చిరునామా లేనివాడికి లైసెన్సు, ఓటు, ఇన్సూరెన్సు అన్నింటితోనూ చిక్కే. అందుకే చాలామంది టెక్సాస్, ఫ్లోరిడా, దక్షిణ డకోటాల్లో ఏదో ఒకచోట కాగితాల మీద కాపురం పెడతారు. ఈ మూడింట్లోనూ రాష్ట్ర ఆదాయపన్ను లేదు. పైగా వచ్చిన ఉత్తరాలన్నీ పోగుచేసి, మనం ఎక్కడుంటే అక్కడికి పంపే సంస్థలు అక్కడ పనిచేస్తాయి. అరవై అయిదేళ్లు దాటినవాళ్ల ప్రభుత్వ వైద్యబీమా మెడికేర్‌లోనూ మెలిక ఉంది. అసలు పథకమైతే దాన్ని ఒప్పుకునే డాక్టరు దగ్గర ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ పథకాలు చాలావరకు సొంత ప్రాంతపు ఆసుపత్రులకే కట్టిపడేస్తాయి. ఊళ్లు తిరిగే మనిషి ఇది చూసుకోకుండా బయల్దేరితే బిల్లు చేతికొచ్చాక తెలుస్తుంది.

స్టీరింగు పట్టలేని రోజు వస్తే ఏమిటన్నది అందరికీ ఉన్న భయం. జో, కే పీటర్సన్ దంపతులు 1978లో మొదలుపెట్టిన ‘ఎస్కేపీస్’ క్లబ్బు దీనికో దారి వెతికింది. టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో ‘కేర్’ అనే కేంద్రం నడుస్తోంది. జబ్బు చేసినవాళ్లు, వయసు మీదపడి ప్రయాణం మానుకున్నవాళ్లు అక్కడ తమ బళ్లలోనే నివాసముంటారు. భోజనం వండి పెడతారు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. ఆ పనుల్లో చేయి వేయడానికి వచ్చే వాలంటీర్లు చాలావరకు ఇంకా రోడ్డు మీద తిరుగుతున్న ఆర్వీవాళ్లే. కొన్ని వారాలు అక్కడ బండి నిలుపుకుని, పని చేసిపెట్టి, మళ్లీ తమ దారిన బయల్దేరుతారు.