కోచ్‌కి ఎన్నేళ్లు ఇవ్వాలి?

సీజన్ ఒక్కటి తేడా కొడితే చాలు, ‘కోచ్‌ని మార్చండి’ అనే మాట మొదలవుతుంది. కాలేజీ జట్ల విషయంలో ఈ తొందర చివరికి పిల్లలకే చేటు.

అపోహ: మంచి కోచ్ ఎవరో మొదట్లోనే తెలిసిపోతుంది.

వాస్తవం: మైక్ షషెఫ్‌స్కీ 1980లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్‌గా చేరారు. మొదటి మూడు సీజన్లలో 38 గెలుపులు, 47 ఓటములు. తీసేయమని ఎందరు పట్టుబట్టినా యూనివర్సిటీ ఆగింది. తొలి జాతీయ టైటిల్ 1991లో వచ్చింది. 2022లో ఆయన విరమించేనాటికి టైటిళ్లు అయిదు.

అపోహ: ఓడే జట్టుకు కొత్త కోచే మందు.

వాస్తవం: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జట్లపై 2013లో వెలువడిన అధ్యయనం వేరే మాట చెప్పింది. అట్టడుగున ఉన్న జట్లకు కోచ్ మారినా పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఓ మోస్తరుగా ఆడుతున్న జట్లయితే, అదే స్థాయిలో ఉండి కోచ్‌ని మార్చని జట్లకంటే వెనకబడ్డాయి.

అపోహ: వచ్చిన ఏడాదే కప్పు తెచ్చినవాళ్లు ఉన్నారుగా, ప్రతి కోచ్ అలాగే తేవాలి.

వాస్తవం: ఉన్నారు. సింగపూర్‌లోని జురాంగ్ ఈస్ట్ స్టేడియంలో ఆడిన అల్బిరెక్స్ నీగత కాలేజీ జట్టు కాదు, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్. అయినా దాని కథలో పాఠం ఉంది. కోచ్ కజుఅకి యోషినగ 2017లో వచ్చి ఆ ఏడాదే లీగ్ గెలిపించారు. 2018లో జట్టు లీగ్‌లో ఒక్క మ్యాచూ ఓడలేదు. కానీ ఆ క్లబ్ సింగపూర్ లీగ్‌లో అడుగుపెట్టింది 2004లో, తొలి లీగ్ టైటిల్ అందుకుంది 2016లో. ఆయన చేతికి వచ్చింది దున్ని, ఎరువేసిన పొలం. బీడు భూమి దక్కిన కోచ్‌ని ఆయనతో పోల్చడం అన్యాయం.

అపోహ: ఎక్కడైనా ఒకటే గడువు సరిపోతుంది.

వాస్తవం: సింగపూర్‌లో జూనియర్ కాలేజీ చదువు మామూలుగా 2 ఏళ్లు, పాలిటెక్నిక్ 3 ఏళ్లు. కొత్త కోచ్‌కి ముందు దొరికేది పాత కోచ్ తయారుచేసిన జట్టే. తాను ఎంచుకున్న పిల్లలు చేరిన రోజు నుంచి చదువు ముగించేదాకా చూశాకే తీర్పు చెప్పాలి. వచ్చిన ఏడాదిని కూడా కలుపుకుంటే జూనియర్ కాలేజీలో 3, పాలిటెక్నిక్‌లో 4 ఏళ్లు న్యాయమైన గడువు.

అపోహ: సమయం ఇవ్వడమంటే కళ్లు మూసుకోవడం.

వాస్తవం: గడువు ఫలితాలకే, ప్రవర్తనకు కాదు. పిల్లల్ని కొట్టినా, నలుగురిలో అవమానించినా, గాయంతో ఆడించినా ఒక్క రోజు కూడా ఉపేక్షించకూడదు. మిగతా విషయాల్లో ఏటా అడగాల్సినవి ఇవి: ఎంతమంది మధ్యలో మానేశారు? గాయాలు తగ్గాయా? బెంచీ మీది పిల్లల ఆట మెరుగుపడిందా? ఈ ప్రశ్నలనూ గడువునూ కోచ్ చేరిన రోజే కాగితం మీద పెట్టాలి. అప్పుడు ఒక్క ఓటమి చూసి ఎవరూ తీర్పు చెప్పలేరు.